కరెంటు పోయిన రోజు పోయిన రసీదు

2022 ఏప్రిల్లో మా పెద్దాడికి ఒక పరీక్ష ఫీజు కట్టాను. మధ్యాహ్నం మూడు గంటలు. తెనాలిలో ఆ వేళకి ఫ్యాను కింద కూర్చున్నా చెమటే. డబ్బు ఖాతాలోంచి కట్ అయింది, తెర మీద ఆకుపచ్చ టిక్కుతో రసీదు వచ్చింది. విండోస్, షిఫ్ట్, ఎస్ మూడు కలిపి నొక్కి, రసీదు చుట్టూ మౌస్‌తో గీత గీశాను. కింద మూల చిన్న బొమ్మ కనపడి మాయమైంది. హమ్మయ్య, తెర బొమ్మ (స్క్రీన్‌షాట్) తీసుకున్నాను అనుకుని కుక్కరు దింపడానికి లేచాను. వంటింట్లో ఉండగానే కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పోయింది.

కరెంటు వచ్చాక చూస్తే ఫోల్డర్లో ఏమీ లేదు. సైటులో "ఫీజు చెల్లించలేదు" అని ఉంది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే రిఫరెన్స్ నంబరు చెప్పమన్నారు. ఆ నంబరు ఉన్నది నేను తీశాననుకున్న ఆ బొమ్మలోనే. చివరి తేదీ మర్నాడు. మళ్ళీ 1,200 కట్టాను. మొదటి డబ్బు ఖాతాలోకి తిరిగి వచ్చేసరికి నెల దాటింది. ఆ నెలంతా మా ఆయన ఒక్క మాట కూడా అనలేదు, నాకే మనసులో పీకుతూ ఉండేది.

అసలు ఏం జరిగిందో పెద్దాడు పుణె నుంచి ఫోన్లో చెప్పాడు. "అమ్మా, నువ్వు కొట్టింది స్క్రీన్‌షాటే, కానీ అది క్లిప్‌బోర్డులో ఉంది, ఫైలు కాలేదు." మా కంప్యూటర్లో అప్పుడు విండోస్ 10. అందులో ఆ మూడు కీలు నొక్కితే బొమ్మ క్లిప్‌బోర్డులోకే వెళ్తుంది, ఆ చిన్న బొమ్మ మీద క్లిక్ చేసి మనమే సేవ్ చేయాలి. క్లిప్‌బోర్డు అంటే కాపీ చేసినదాన్ని కంప్యూటర్ కాసేపు ఉంచుకునే చోటు, పలక లాంటిది. ఇంకోటి కాపీ చేస్తే ముందుది చెరిగిపోతుంది, కరెంటు పోతే పలకంతా చెరిగిపోతుంది. విండోస్, వి నొక్కితే పాత కాపీలు పాతిక దాకా కనిపించే సదుపాయం 2018 నుంచీ ఉంది. అయితే అది ముందే ఆన్ చేసి ఉండాలి, పైగా పిన్ చేయనివి కంప్యూటర్ ఆగితే పోతాయి. కాబట్టి ఆ రోజు అదీ నన్ను ఆదుకునేది కాదు.

ఆ రోజు నుంచి డబ్బుకీ, ప్రభుత్వ కాగితాలకీ నేను వాడేది ఒక్కటే పద్ధతి. విండోస్ కీ పట్టుకుని ప్రింట్ స్క్రీన్ నొక్కడం. తెర ఒక్క క్షణం మసకేసి తేరుకుంటుంది, ఫైలు తిన్నగా పిక్చర్స్‌లో స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్లో పడుతుంది. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఎఫ్‌ఎన్ కీ కూడా కలపాలి. ఇప్పుడు మా ఇంట్లో విండోస్ 11 వచ్చింది, అందులో తెర బొమ్మలు తీసే స్నిపింగ్ టూల్ కూడా తనంతట తానే సేవ్ చేస్తోంది. అయినా ఫోల్డర్ తెరిచి ఫైలు కంటితో చూసుకున్నాకే కుర్చీ లోంచి లేస్తాను.

మొత్తం తెర తీయడానికి ఇంకో కారణం ఉంది. రసీదు ముక్క ఒక్కటే కత్తిరిస్తే అది ఏ సైటుదో, ఏ రోజుదో తర్వాత తెలియదు. మొత్తం తెర తీస్తే పైన సైటు అడ్రసు వస్తుంది, కింద కుడి మూల టైమూ తేదీ వస్తాయి. యూపీఐతో కడితే పన్నెండంకెల లావాదేవీ నంబరు ఉంటుంది, అది తెర మీదకి వచ్చేదాకా పేజీ జరిపి అప్పుడు నొక్కుతాను. రేపు ఏదైనా తేడా వస్తే పనికొచ్చేది ఆ నంబరే. ఆకుపచ్చ టిక్కు బొమ్మలు ఎవరైనా తయారు చేయగలరు, అందుకే మా వీధి కిరాణా ఆయన కూడా ఫోన్లో బొమ్మ చూపిస్తే ఒప్పుకోడు, తన ఫోన్లో డబ్బు పడిందో లేదో చూసుకుంటాడు. ఆయన చేసేదే సరి.

మా ఎదురింటి అక్క కంప్యూటర్ తెరని ఫోనుతో ఫోటో తీసి పంపిస్తుంది. అడ్డగీతలు పడతాయి, ట్యూబ్‌లైటు మెరుపు సరిగ్గా అంకెల మీదే పడుతుంది. 3 ఏదో 8 ఏదో తెలియదు. ఆమెకి కీలు నేర్పించి, కీబోర్డు మీద ప్రింట్ స్క్రీన్ పక్కన చిన్న బొట్టు బిళ్ళ అంటించి వచ్చాను. ఇప్పుడు స్పష్టంగా పంపుతోంది. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమని కూడా చెప్పాను, అప్పుడు అక్షరాలు చెదరవు.

తీయడం ఒక రోజులో వచ్చేసింది. పేర్లు పెట్టడం అలవాటు చేసుకోవడానికే నాకు ఏడాది పట్టింది. స్క్రీన్‌షాట్ 41, స్క్రీన్‌షాట్ 42 అని వరసగా పడి ఉంటే అందులో కరెంటు బిల్లు ఏది, ఇంటి పన్ను ఏది? ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. అందుకని తీసిన వెంటనే ఎఫ్2 నొక్కి పేరు మారుస్తాను. సంవత్సరం ముందు, తర్వాత నెల, ఆ తర్వాత రోజు, అప్పుడు ఎవరిది, ఏమిటి. "2024-06-18 పెద్దాడు హాల్‌టికెట్" అని. రోజు ముందు రాస్తే అన్ని నెలల ఒకటో తేదీలూ ఒక చోట చేరి కలగాపులగం అవుతాయి. మనకి అలవాటైన ఏటవాలు గీతతో తేదీ రాస్తే విండోస్ ఫైలు పేరుకి ఒప్పుకోదు, అందుకే అడ్డగీత. పేర్లు తెలుగులోనే రాస్తాను. 2019 నుంచి విండోస్‌లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు ఉంది. విండోస్, స్పేస్ నొక్కితే మారిపోతుంది.

ఫోల్డర్లు మనుషుల పేర్లతో పెట్టాను: మామయ్యగారు, అత్తయ్యగారు, పెద్దాడు, చిన్నది, ఇల్లు. వెతికేటప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది మనిషే. ఈ స్క్రీన్‌షాట్స్ ఫోల్డరంతా డి డ్రైవ్‌లోకి జరిపాను, ప్రాపర్టీస్‌లో లొకేషన్ అని ఉంటుంది చూడండి, అక్కడ. రిపేరు కుర్రాడు వచ్చి సి డ్రైవ్ ఫార్మాట్ చేసినా భయం లేదు. చీరల ధరలు, వంటల పేజీల బొమ్మలు ఆదివారం చెరిపేస్తాను.

పంపే ముందు మాత్రం చాలా జాగ్రత్త. ఆధార్ పన్నెండంకెల్లో మొదటి ఎనిమిదీ కప్పేస్తాను. హైలైటర్‌తో రుద్దితే లాభం లేదు, వెలుతురు పెంచితే కింద అంకెలు కనబడొచ్చు. పెయింట్‌లో నల్లరంగు నింపిన డబ్బా పెట్టి, కొత్త ఫైలుగా సేవ్ చేస్తాను. 2023 మార్చిలో విండోస్ 11 స్నిపింగ్ టూల్లో ఒక లోపం బయటపడింది. కత్తిరించి అదే ఫైలు మీద సేవ్ చేస్తే, కత్తిరించిన భాగం ఫైల్లోనే మిగిలిపోతోందని, వెలికి తీయవచ్చని తేలింది. గూగుల్ పిక్సెల్ ఫోన్లలోనూ అలాంటిదే దొరికింది. రెండూ సరిచేశారు. కానీ అంతకు ముందు కత్తిరించి పంపిన బొమ్మలు పంపినట్టే ఉంటాయి కదా.

మామయ్యగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. పెన్షన్ ఆగకుండా ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. మామూలుగా నవంబరు, ఎనభై దాటినవాళ్ళకి అక్టోబరు ఒకటి నుంచే. ఆయనకి ఎనభై మూడు. కిందటి అక్టోబరులో వేలిముద్ర పట్టడానికి నాలుగు సార్లు పట్టింది, ఆయన వేళ్ళ గీతలు అరిగిపోయాయి. ప్రమాణ్ ఐడీ, అంటే ఆ సర్టిఫికెట్ నంబరు, తెర మీదకి రాగానే నొక్కి, పేరు పెట్టి, ఫోల్డర్లో చూపించాను. "అమ్మా, పోయినేడాదిదీ ఉందా?" అని అడిగారు. దాని పైనే ఉంది, తెరిచాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండు నంబర్లూ చదివి, తన పాత రైల్వే డైరీలో పెన్నుతో రాసుకున్నారు.