బిడ్డకు థెరపీ అంటే ఇంటిల్లిపాదికీ పని

అమెరికాలో స్కూల్ కౌన్సెలర్ పిలిచి "మీ అబ్బాయిని ఒకసారి థెరపిస్టుకు చూపిస్తే మంచిది" అనగానే మన నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో ముందు వచ్చే మాట "మావోడికేమైంది, బాగానే ఉన్నాడు కదా" అని. ఆ మాట దాటి అపాయింట్‌మెంటు తీసుకున్నవాళ్ళలోనూ చాలామంది థెరపీని ట్యూషన్‌లాగే చూస్తారు. బిడ్డను దింపి, ముప్పావుగంట కార్లో కూర్చుని, ఇంటికి తీసుకొచ్చేస్తారు. పదేళ్ళ లోపు పిలకాయల విషయంలో ఇలా చేస్తే డబ్బూ దండగే, నెలలూ దండగే. థెరపిస్టు దగ్గర బిడ్డ ఉండేది వారానికి 45, 50 నిమిషాలు. మిగతా వారమంతా ఇంట్లో, బడిలో, వీడియో కాల్‌లో అమ్మమ్మ ముందు ఉంటాడు. భయం తగ్గినా పెరిగినా అక్కడే.

అందుకే మొదటి ఫోన్‌లోనే మూడు సంగతులు అడగండి. మా బిడ్డ సమస్యకు ఏ పద్ధతి వాడతారు, అందులో మేం చేయాల్సిందేమిటి, బాగవుతోందని దేన్నిబట్టి తెలుస్తుంది. మూడో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే ఇంకొకరిని చూసుకోవడం మేలు. సైకియాట్రిస్టు డాక్టరు, మందులు రాస్తారు. సైకాలజిస్టు పరీక్షలు పెట్టి సమస్య ఏమిటో తేలుస్తారు, థెరపీ కూడా చేస్తారు. లైసెన్సున్న సోషల్ వర్కర్లు, ఫ్యామిలీ థెరపిస్టులు మందులు రాయరు, థెరపీయే వాళ్ళ పని. భయాలకు, దిగులుకు ఎక్కువగా వాడేది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచననూ అలవాటునూ మెల్లగా మార్చే పద్ధతి. వారానికి ఒకటి చొప్పున 12 నుంచి 16 సెషన్లు మామూలు. రెండు నుంచి ఏడేళ్ళ లోపు పిల్లల మొండితనానికి, కోపానికి ఇంకో పద్ధతి ఉంది. అందులో బిడ్డతో ఆడేది తల్లో తండ్రో. థెరపిస్టు అద్దం వెనక నుంచి చూస్తూ, వాళ్ళ చెవిలో పెట్టిన ఇయర్‌ఫోన్‌లో ఏం మాట్లాడాలో చెబుతుంటారు.

మొదటి సెషన్‌లో కుటుంబ చరిత్ర అడుగుతారు. మనవాళ్ళు దాచేది ఇక్కడే. తాతయ్యకు మనసు బాగోలేక మంచం పట్టిన సంగతి, బాబాయి తాగుడు, ఇంట్లో ఎవరో ప్రాణం తీసుకున్న సంగతి బయట పెట్టరు. ఆందోళన, డిప్రెషన్ ఒకే కుటుంబంలో పలువురికి వస్తుంటాయి, కాబట్టి అది తెలిస్తేనే బిడ్డకు ఏది ముందు చూడాలో థెరపిస్టుకు తెలుస్తుంది. మీరు చెప్పింది ఒంగోలుకు చేరదు. బిడ్డ తనకు తాను హాని చేసుకునే ప్రమాదం ఉన్నా, ఇంకొకరికి ప్రమాదం ఉన్నా, పిల్లలపై హింస జరిగిందని అనుమానం ఉన్నా మాత్రం థెరపిస్టు పైకి చెప్పక తప్పదు. ఈ గీత ఎక్కడుందో మొదటిరోజే అడిగి తెలుసుకోండి. ఇంకొకటి: ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళు సెషన్‌కు వస్తే పెద్దబిడ్డ చేత అనువాదం చేయించొద్దు. తమ్ముడి భయాన్ని, అమ్మ ఏడుపును పన్నెండేళ్ళ పిల్ల నోట పలికించడం ఆ పిల్లకు అన్యాయం. ఫెడరల్ ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్కులు తెలుగు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే అడగండి.

ప్రవాసంలో తరచూ ఆలస్యంగా బయటపడే సమస్య ఒకటుంది. ఇంట్లో గలగలా మాట్లాడే బిడ్డ బడిలో నోరు విప్పడు. దీన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. ఇది పొగరు కాదు, మొండితనం కాదు, ఆందోళన. బడివాళ్ళేమో ఇంగ్లీషు ఇంకా పట్టుబడలేదనుకుంటారు, నెల్లూరులో వాళ్ళేమో తెలుగు మర్చిపోయాడనుకుంటారు. మధ్యలో ఏడాది గడిచిపోతుంది. కొత్త భాషలోకి వచ్చిన బిడ్డ కొన్నాళ్ళు మాట్లాడకుండా వినడం మామూలే. కానీ ఆ బిడ్డ సైగలు చేస్తాడు, ఆటలో కలుస్తాడు, బడిలో తెలుగు పిల్లవాడు దొరికితే తెలుగులో మాట్లాడేస్తాడు. సెలెక్టివ్ మ్యూటిజం ఉన్న బిడ్డకు భాషతో పనిలేదు. బడి గేటు దాటగానే సొంత అమ్మతో తెలుగులో కూడా మాట రాదు, ముఖం బిగుసుకుపోతుంది. బడిలో చేరిన మొదటి నెల పోనిచ్చి, ఆ తర్వాత కూడా నెలకు మించి ఇలాగే ఉంటే చూపించాలి. ముందు వినికిడి, మాట సక్రమంగా ఉన్నాయో లేదో పరీక్ష చేయించాలి.

ఈ మౌనం ఎలా గట్టిపడుతుందో చూడండి. ఎవరో "నీ పేరేంది?" అని అడుగుతారు. బిడ్డ బిగుసుకుపోతాడు. అమ్మకు సిగ్గనిపించి తనే చెప్పేస్తుంది. అడిగినవాళ్ళకూ అమ్మకూ బిడ్డకూ ప్రాణం తేలికపడుతుంది. గమ్మునుంటే భయం పోతుందని బిడ్డ ఒంటికి అలవాటైపోతుంది. థెరపీ పనల్లా ఈ అలవాటును మెల్లగా విప్పడం.

మొదటి మెట్టు ప్రశ్నలు మానేయడం. రోజుకు ఐదు నిమిషాలు బిడ్డతో కూర్చుని, అతను చేసేదే మాటల్లో చెప్పండి: "ఎర్ర ఇటుక పైన పెట్టావు. ఇప్పుడు పసుపుది." అతను ఏదైనా అంటే అదే మాట తిరిగి అనండి. "నాకు వినపడేట్టు చెప్పావు, సంతోషం" అని దేన్ని మెచ్చుకుంటున్నారో తెలిసేట్టు మెచ్చుకోండి. ఆ ఐదు నిమిషాల్లో ఆజ్ఞలుండవు, దిద్దుబాట్లుండవు, తెలుగు పాఠాలు అసలే ఉండవు. మాట వస్తున్నప్పుడు రెండో మెట్టు, రెండింట్లో ఒకటి ఎంచుకునే ప్రశ్న: "దోసె తింటావా, ఇడ్లీ తింటావా?" ఉత్తినే "దోసె తింటావా?" అంటే తల ఊపి ఊరుకుంటాడు. అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టండి. మనవాళ్ళకు అన్నింటికంటే కష్టం ఈ ఐదు సెకన్లే. తల ఊపితే "ఊపావు, చూశాను. దోసెనా, ఇడ్లీనా?" అని ఇంకోసారి, ఇంకో ఐదు సెకన్లు. అప్పటికీ రాకపోతే ఇంకా తేలిక మెట్టుకు దిగండి, అతని బదులు మీరు చెప్పొద్దు.

వేసవికి నెల్లూరు వెళ్ళేట్టయితే నెల ముందే మొదలుపెట్టాలి. తొలుత వీడియో కాల్ పెట్టి, అమ్మమ్మ తన కెమెరా ఆపేసి వింటూ ఊరుకోవాలి, మీరూ బిడ్డా ఆడుకుంటుంటారు. తర్వాత కెమెరా పెడుతుంది కానీ మాట్లాడదు. ఆ తర్వాత బిడ్డ ఆటను గురించి ఒకటి రెండు మాటలు అంటుంది. చివర్న ఎంచుకునే ప్రశ్న. ప్రతి మెట్టులో భయం సున్నా నుంచి పది దాకా ఎంతో బిడ్డనే వేలితో చూపమనండి. మూడుకు దిగేదాకా అదే మెట్టు మళ్ళీ మళ్ళీ చేయాలి. చెడేది తొందరపడే చోటే. ఒకరోజు బాగా మాట్లాడాడని మర్నాడు పెద్దమ్మను, అత్తను, కావలి మామయ్యను ఒకే కాల్‌లో కలిపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

చెన్నైలో దిగి కారులో ఇంటికి చేరేసరికి వరండా నిండా మనుషులుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "నన్ను గుర్తుపట్టావా, నేనెవర్ని చెప్పు?" ఈ బిడ్డకు ఇంతకంటే కష్టమైన ప్రశ్న లేదు. కాబట్టి ప్రయాణానికి ముందే ఫ్యామిలీ గ్రూపులో ఇలా పెట్టండి: "బాబుకు కొత్తవాళ్ళ ముందు మాట రావడానికి టైం పడుతుంది. వైద్యం జరుగుతోంది. మొదటి రెండు రోజులు ఏమీ అడక్కుండా పక్కన కూర్చోండి చాలు. మాట్లాడితే ఆశ్చర్యపోవద్దు, 'అబ్బో, నోరొచ్చిందే' అనొద్దు." ఈ చివరి వాక్యం వదలొద్దు. బిడ్డ తొలిమాట చెప్పగానే ఇల్లంతా చప్పట్లు కొడితే రెండో మాట రాదు.

ఇంట్లో ఒక్కొక్కరితో చేయాలి. మీరూ బిడ్డా లోపలి గదిలో ఆడుతూ మాట్లాడుతుంటే అమ్మమ్మ ముందు గుమ్మం దగ్గర నిలబడుతుంది, కాసేపటికి మంచం మీద కూర్చుంటుంది, తర్వాత కింద మీ పక్కకు వస్తుంది. బిడ్డ మాట ఆగితే అతని వంక చూడకుండా అక్కడే ఉంటుంది, మీరు ఆట సాగిస్తారు. కాసేపటికీ మాట రాకపోతే ఆమె ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. అమ్మమ్మ దగ్గర నిలదొక్కుకున్నాక బయటివాళ్ళు. మైపాడు బీచ్‌లో మొక్కజొన్న పొత్తు కొనేటప్పుడు అమ్మేవాడికి దూరంగా నాన్నతో "ఒకటి" అనడం, తర్వాత బండి దగ్గర నాన్నతో అనడం, ఆ తర్వాత అమ్మేవాడితో. కారులోనే నాలుగైదుసార్లు అనిపించి తీసుకెళ్ళండి.

అవ్వ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, తాయెత్తు కడతానన్నా కట్టనివ్వండి. ఆమె ప్రేమ చూపే దారి అది. "రేపటికల్లా మాట్లాడేస్తావు" అని బిడ్డ ముందు అనకుండా మాత్రం చూసుకోండి.

అమెరికా థెరపిస్టుతో వీడియోలో నెల్లూరు నుంచి మాట్లాడొచ్చనుకోవద్దు. వాళ్ళ లైసెన్సు రాష్ట్రానిది, సెషన్ వేళకు బిడ్డ ఎక్కడున్నాడన్నదే లెక్క. టికెట్లు కొన్నప్పుడే అడిగి, కుదరదంటే వేసవికి చేయాల్సిన మెట్లు ఒక కాగితం మీద రాయించుకోండి. నెల్లూరులోనే ఎవరికైనా చూపించాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు అవునో కాదో కనుక్కోండి. 2022 అక్టోబరులో మొదలైన భారత ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు రాత్రీపగలూ తెలుగులో, ఉచితంగా మాట్లాడొచ్చు.

ఎదిగిన పిల్లల విషయంలో ఒక్కటి తప్పకుండా చెప్పాలి. "బతకాలని లేదు" అన్న మాట వినపడితే "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అమెరికాలో ఇలాంటప్పుడు సాయానికి ఉన్న హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. ఇంట్లో మందులకు తాళం వేయండి. ఆరు నెలలకు వచ్చిన తాత, నాయనమ్మ బీపీ, షుగరు మాత్రలు సూట్‌కేసు నిండా తెచ్చుకుంటారు, వాటి మాట ఎవరికీ గుర్తుండదు. ఊరికి వెళ్తే పొలం మందుల డబ్బాలు పిల్లల చేతికందని చోట, తాళంలో ఉన్నాయో లేదో మీరే వెళ్ళి చూడండి.

వేసవిలో వచ్చిన మాట ఆగస్టులో బడి తెరవగానే పోకుండా ఉండాలంటే, తెరిచే వారం ముందే టీచర్‌కు ఈమెయిల్ పెట్టి ఖాళీ తరగతి గదిలో అరగంట అడగండి. ముందు మీరిద్దరే వెళ్ళి గోడమీది బొమ్మలు చూస్తూ మాట్లాడుకోండి, తలుపు వేసే ఉండాలి. మాట సాఫీగా వస్తున్నప్పుడు టీచర్ తలుపు తీసి, పలకరించకుండా తన బల్ల దగ్గరికి వెళ్ళి ఏదో సర్దుకుంటూ ఉండాలి. నెల్లూరులో అమ్మమ్మ చేసిందే ఇక్కడ ఆమె చేస్తుంది, అదే వరసలో.