తిలోదకాలు అనే మాట

చిరకాల స్నేహాన్ని తెంచుకున్న ఒక ఆత్మీయురాలు ఈమధ్య ‘ఆ మనిషికి ఎప్పుడో తిలోదకాలు ఇచ్చేశాను’ అన్నప్పుడు, పత్రికల్లో ‘విలువలకు తిలోదకాలు’ అని తరచూ చదివే మాటే అయినా, బతికి ఉన్న మనిషి గురించి వినేసరికి మనసు చివుక్కుమంది.

తిలలంటే నువ్వులు, ఉదకమంటే నీరు. గుణసంధితో రెండూ కలిసి తిలోదకమయ్యాయి. పితృతర్పణంలో పోయినవారి గోత్రనామాలు చెప్పి, నల్లనువ్వులు కలిపిన నీటిని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమనుండే పితృతీర్థం మీదుగా విడిచిపెడతారు. చనిపోయినవారికి ఇచ్చే నీరు కనుక, ‘ఇక వారితో నాకు సంబంధం లేదు’ అనే అర్థం దానికి వాడుకలో వచ్చి చేరింది. ఆశలకు ‘నీళ్ళొదులుకోవడం’ కూడా దీనికి దగ్గరి మాటే, అయితే అందులో దానమిచ్చేటప్పుడు ధారపోసే నీటి జాడ కూడా ఉందని నాకనిపిస్తుంది.

నన్ను కలతపెట్టే సంగతి మరొకటుంది. తర్పణమంటే తృప్తిపరచడం, ‘తృప్’ ధాతువుకు ఉన్న అర్థమే అది. పోయినవారిని పేరుపేరునా తలచుకుని, వారి దప్పిక తీర్చాలని చేసే క్రియ, జాతీయంగా మారేసరికి ఉన్నవారిని మరచిపోవడానికి పేరైంది. ఆమెకు ఈ మాట చెప్పాలని ఉంది కానీ, ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉన్నందున ప్రస్తుతానికి ఊరుకున్నాను.