రోడ్డు దాటే చోట మొదలైన రాజకీయం

ఏలూరు నుంచి నాన్న ఫోన్ చేసినప్పుడల్లా అమెరికా రాజకీయాల గురించి అడుగుతారు. అడిగేదంతా అధ్యక్షుడి గురించే. వీసాల మీద కొత్తగా ఏమన్నాడు, మనవాళ్ళకి ఇబ్బంది ఏమైనా ఉందా అని. ఆయన్ని తప్పు పట్టలేను, టెన్షన్ అంతా అక్కడి నుంచే వస్తుంది మరి. సినిమాల్లో, సీరియళ్ళలో కనిపించే అమెరికా నాయకుడు కూడా ఆ స్థాయివాడే. కానీ మేరీల్యాండ్‌లో ట్రాఫిక్ ఇంజనీరుగా పనిచేస్తూ నేను దగ్గరగా చూసిన రాజకీయ జీవితం ఇంకొకటుంది, ఒక స్థానిక నాయకురాలిది. ఆవిడ పేరు రాయను. వృత్తి నర్సు. ఇద్దరు పిల్లల తల్లి.

మా కంపెనీ ఒక కౌంటీకి కాంట్రాక్టు మీద పనిచేస్తుంది. కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా అనుకోవచ్చు. కాకపోతే పైనుంచి వచ్చే కలెక్టరు ఉండడు. బడ్జెట్ ఆమోదించేది ప్రజలు ఎన్నుకున్న కౌన్సిల్. కూడళ్ళలో వాహనాలు లెక్కపెట్టించడం, సిగ్నళ్ళకి టైమింగ్ వెయ్యడం, రోడ్డు మార్పులకి డ్రాయింగులు చెయ్యడం నా పని. ఎమ్మెస్ అయ్యాక దొరికిన ఉద్యోగం, మధ్యలో కంపెనీ మారినా పని మారలేదు.

2013లో ఒక ఎలిమెంటరీ స్కూలు ముందున్న నాలుగు వరుసల రోడ్డు మీద సిగ్నల్ కావాలని తల్లిదండ్రులు అడిగారు. ఇక్కడ అడిగిన చోటల్లా సిగ్నల్ పెట్టరు. దేశమంతటికీ వర్తించే ఫెడరల్ మాన్యువల్ ఒకటుంది. సిగ్నల్ పెట్టడం సమంజసమా కాదా అని తేల్చడానికి అందులో తొమ్మిది ‘వారంట్లు’, అంటే ప్రమాణాలు ఉంటాయి. గంటకి ఎన్ని వాహనాలు పోతున్నాయి, ఎంతమంది నడిచి దాటుతున్నారు, ఎన్ని ప్రమాదాలు జరిగాయి, ఇలాంటివి. ఆ చోటు ఒక్క వారంటుకీ అందలేదు. అదే రిపోర్టు రాసి, చార్టులు అట్టల మీద అతికించుకుని, ఒక సాయంత్రం స్కూలు భోజనాల హాల్లో మా మేనేజరు పక్కన నిలబడ్డాను.

హాస్పిటల్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, ఆవిడ ఒంటి మీద ఇంకా యూనిఫాం ఉంది. నా పట్టికని పైనుంచి కింది దాకా చదివింది. “మీరు దాటినవాళ్ళని లెక్కపెట్టారు. ఇక్కడ దాటాలంటే భయమేసి పిల్లల్ని కారులో దింపుతున్నవాళ్ళని ఎక్కడ లెక్కపెట్టారు?” అని అడిగింది. కోపంగా కాదు. రోగి ఛార్టు చూసి డాక్టర్ని అడిగినట్టే అడిగింది.

నా వృత్తిలో ఇంతకన్నా మంచి ప్రశ్న నేను వినలేదు. రోడ్డు ఎంత ప్రమాదకరంగా ఉంటే అంత తక్కువమంది నడుస్తారు. తక్కువమంది నడుస్తున్నారు కాబట్టి సిగ్నల్ అక్కర్లేదని లెక్క తేలుస్తుంది. మా మేనేజరు మంచివాడు, ఒప్పుకున్నాడు. దగ్గరలోనే ఉంటున్నారన్న కారణంతో స్కూలు బస్సు లేని ఇళ్ళెన్నో, వాటిలో ఎంతమంది పిల్లలు కారులో వస్తున్నారో మళ్ళీ లెక్క తీశాం. చివరికి సిగ్నల్ రాలేదు గానీ, రోడ్డు మధ్యలో ఆగి నిలబడే చిన్న దిమ్మె, బటన్ నొక్కితే వేగంగా మెరిసే పసుపు లైట్లు వచ్చాయి. డిజైన్, నిధులు, టెండరు అన్నీ దాటి అది పూర్తయ్యేసరికి రెండేళ్ళ పైనే పట్టింది.

ఆ పని నడుస్తుండగానే ఆవిడ కౌంటీ కౌన్సిల్‌కి పోటీ చేసింది. 2014లో ఓడిపోయింది. 2018లో గెలిచింది.

పోటీ అంటే మనకి తెలిసిన హంగామా ఏదీ లేదు. సొంత కారు, డిక్కీలో ఇళ్ళ ముందు పాతుకునే చిన్న బోర్డులు, చేతిలో ఓటర్ల జాబితా. సాయంత్రాలు, శనాదివారాలు ఇల్లిల్లూ తిరిగి తలుపు తట్టడమే. మా అపార్టుమెంటుకీ వచ్చింది. నేను హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నానని, ఓటు లేదని ముందే చెప్పేశాను. అయినా వెళ్ళిపోలేదు. బస్టాపు దగ్గర దీపాలు ఎలా ఉన్నాయి, మా ఆవిడ ఎలా తిరుగుతోంది అని అడిగి, రాసుకుని వెళ్ళింది.

మేము ఉండే ప్రాంతంలో ఒక పార్టీకి చాలా బలం. అక్కడ అసలు పోటీ నవంబరు ఎన్నికల్లో కాదు, పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి అంతకుముందు జరిగే ప్రైమరీ ఎన్నికలోనే. మేరీల్యాండ్‌లో ఆ పార్టీలో నమోదైన ఓటర్లే ఆ పార్టీ ప్రైమరీలో ఓటెయ్యగలరు. టికెట్ ఇచ్చే అధిష్ఠానం లేదు. గుమ్మం దగ్గర నిలబడి ఒప్పించుకోవాల్సిందే. మన ఊళ్ళలో టికెట్ కోసం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వారాల తరబడి పడిగాపులు కాసేవాళ్ళని చూసి పెరిగిన నాకు ఇది ఎంతో నచ్చింది. డబ్బు ప్రభావం ఇక్కడ లేదని అనను, చాలా ఉంది. అయినా ఓ నర్సు నిలబడి గెలవగలిగిందంటే ఆ గుమ్మాల వల్లే.

ఇంకొక సంగతి, చాలా రాష్ట్రాల్లో శాసనసభ్యత్వం పూర్తికాలపు ఉద్యోగం కాదు. మేరీల్యాండ్ శాసనసభ ఏటా జనవరి రెండో బుధవారం రాష్ట్ర రాజధాని అన్నాపోలిస్‌లో మొదలై 90 రోజుల్లో ముగుస్తుంది. టెక్సస్ సభ బేసి సంవత్సరాల్లో మాత్రమే, 140 రోజులు కూర్చుంటుంది. సభ్యుల జీతం ఏడాదికి 7,200 డాలర్లు. న్యూ హాంప్‌షైర్ మరీ చిన్న రాష్ట్రం, అక్కడి ప్రతినిధుల సభలో 400 మంది ఉంటారు. మన రెండు తెలుగు రాష్ట్రాల అసెంబ్లీలు కలిపినా 294 మందే. ఆ నాలుగు వందల మందికీ ఏడాదికి వంద డాలర్లే ఇస్తారు. అంటే వాళ్ళకి ఇంకో పని ఉండి తీరాలి. రైతులు, టీచర్లు, లాయర్లు, రిటైరైనవాళ్ళు వస్తారు. జీతం తక్కువైతే కలిగినవాళ్ళే రాగలరన్న ఇబ్బంది ఉంది, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ రోజూ పనిచేసుకునే మనిషి సభలో కూర్చుంటే ఆ పని గురించి అక్కడ ఎవరికో ఒకరికి తెలిసి ఉంటుంది.

ఇందుకు మా వృత్తిలోనే ఉదాహరణ ఉంది. మేరీల్యాండ్‌లో గవర్నరు తర్వాతి పదవి అయిన లెఫ్టినెంట్ గవర్నరుగా 2023 జనవరిలో ప్రమాణం చేసిన అరుణా మిల్లర్ హైదరాబాద్‌లో పుట్టారు, పుట్టింటివారు కాట్రగడ్డ వారు. ఏడేళ్ళ వయసులో అమెరికా వచ్చారు. మిస్సోరీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, మాంట్‌గొమరీ కౌంటీ రవాణా విభాగంలో పాతికేళ్ళు పనిచేశారు. 2000లో పౌరసత్వం తీసుకున్నారు, పదేళ్ళకి, 2010లో, రాష్ట్ర ప్రతినిధుల సభకి ఎన్నికయ్యారు. 2018లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కి వెళ్ళాలని ప్రైమరీలో నిలబడి ఓడిపోయారు. ఆ ఓటమి తర్వాత నాలుగేళ్ళకి ఈ పదవి. భగవద్గీత మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశారని మన పత్రికలన్నీ రాశాయి. నాకు మాత్రం ఆ పాతికేళ్ళ రోడ్ల పనే గర్వంగా అనిపిస్తుంది. నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల కూడా ఇంజనీరే. న్యూజెర్సీలో ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్లో మొదలుపెట్టి, అక్కడే మేయరై, ఆ తర్వాతే రాష్ట్ర అసెంబ్లీకి వెళ్ళారు.

వీళ్ళందరికంటే ముందు దలీప్ సింగ్ సౌంద్ ఉన్నారు. ఆయన కథ ప్రతి ప్రవాస భారతీయుడూ తెలుసుకోవాలని నా కోరిక. పంజాబ్‌లో పుట్టి 1920లో కాలిఫోర్నియా వచ్చారు. బర్కిలీలో గణితంలో పీహెచ్‌డీ పూర్తిచేసేసరికి 1924. అంతకు ముందు ఏడాదే, భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. డాక్టరేట్ చేతిలో ఉన్నా ఆయన ఇంపీరియల్ లోయలో పత్తి ఏరే కూలీలకి మేస్త్రీగా చేరారు, తర్వాత సొంతంగా సేద్యం చేశారు, నష్టాలూ చూశారు. పౌరసత్వ చట్టం మార్చాలని భారతీయులు పోరాడుతుంటే వాళ్ళలో ముందు నిలిచారు. 1946లో చట్టం మారింది, 1949లో ఆయన పౌరుడయ్యారు. ఆ మరుసటి ఏడాదే వెస్ట్‌మోర్‌ల్యాండ్ అనే చిన్న ఊళ్ళో జడ్జి పదవికి ఎన్నికైతే, పౌరుడై ఏడాది నిండలేదని పదవి ఇవ్వలేదు. 1952లో మళ్ళీ పోటీ చేసి అదే పదవి గెలిచారు. 1956లో అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యారు, ఆసియా నుంచి వచ్చినవాళ్ళలో మొట్టమొదటివాడు. పౌరుడై ఏడేళ్ళు నిండినవారే కాంగ్రెస్‌లోని ప్రతినిధుల సభకి అర్హులు. ఆ గడువు ఆయనకి నిండింది ఆ కాలంలోనే.

పాతికేళ్ళకి పైగా ఓటు లేకుండా ఈ దేశంలో బతికిన మనిషి ఆయన. గ్రీన్ కార్డు క్యూలో ఉన్న నాలాంటివాళ్ళు నిస్పృహ పడిన రోజున తలుచుకోవాల్సిన పేరు.

ఓటు లేదు కాబట్టి మనకెందుకులే అనే మాట మన విందుల్లో, గుడి మెట్ల మీద తరచు వింటాను. దాని వల్ల మనం చాలా పోగొట్టుకుంటున్నాం. ఇంటి మీద కట్టే పన్నుతో స్కూళ్ళు నడుస్తాయి, దాన్ని నిర్ణయించే సభలో మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. పేరు రాయించుకుంటే మైకు ఇస్తారు, రెండు మూడు నిమిషాలు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఎన్నికల విరాళం ఇవ్వకూడదు, అది ఏ స్థాయి ఎన్నికైనా నేరమే. గ్రీన్ కార్డు ఉంటే ఇవ్వచ్చు. జీతం లేకుండా ప్రచారంలో సాయం చెయ్యడానికి మాత్రం అడ్డు లేదు. మా ఆవిడ వర్క్ పర్మిట్ పొడిగింపు నెలల తరబడి కదలకపోతే మా ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి రాశాం. అనుమతి పత్రం ఒకటి సంతకం చేసి ఇమ్మన్నారు, ఫైలు ఎక్కడుందో కనుక్కుని చెప్పారు. ఓటరువా అని ఎవరూ అడగలేదు. వాషింగ్టన్‌ని ఆనుకుని ఉన్న టకోమా పార్క్ అనే చిన్న నగరంలోనైతే 1990ల మొదటి నుంచీ పౌరులు కానివాళ్ళకి నగర ఎన్నికల్లో ఓటే ఉంది. అక్కడుంటున్న మన స్నేహితులు చాలామందికి ఆ విషయమే తెలియదు.

అయితే జాగ్రత్త కూడా చెప్పాలి. డ్రైవింగ్ లైసెన్సు రెన్యూవల్‌కి వెళ్ళినప్పుడు ఓటరుగా నమోదు చేస్తామని అడుగుతారు. తొందరలో ఊఁ అనేస్తే, రాష్ట్ర, జాతీయ ఎన్నికల్లో ఓటు హక్కు లేనివాళ్ళకి అది ఇమిగ్రేషన్ ఫైలులో పెద్ద సమస్యగా మారుతుంది. టకోమా పార్క్‌లో కూడా పౌరులు కానివాళ్ళు నగరం పెట్టిన ప్రత్యేక పద్ధతిలోనే నమోదవ్వాలి.

మా నర్సు నాలుగేళ్ళు కౌన్సిల్లో చేసింది. ఫుట్‌పాత్‌లు లేని వీధుల జాబితా ఒకటి తయారు చేయించి, ఏటా బడ్జెట్‌లో దానికి కొంత సొమ్ము పట్టుబట్టి పెట్టించింది. అందులో సగం వీధుల డ్రాయింగులు మా ఆఫీసులోనే గీశాం. దుకాణాల ముందు పార్కింగ్ తీసేసి సైకిల్ దారి వెయ్యడానికి ఓటేసినందుకు దుకాణదారులు గట్టిగా ఎదురు తిరిగారు. ఆ కోపం ఆవిడని వదల్లేదు. 2022లో రాష్ట్ర ప్రతినిధుల సభకి పోటీ చేసి ప్రైమరీలోనే ఓడిపోయింది. పదవిలో ఉండగా కూడా వారాంతాల్లో కొన్ని షిఫ్టులు చేస్తూనే ఉండేది, కాబట్టి పాత హాస్పిటల్లోనే మళ్ళీ పూర్తి ఉద్యోగంలో చేరిపోయింది. ఓడిన నాయకుడు పొద్దున్నే డ్యూటీకి వెళ్ళడం నాకు మొదట్లో నమ్మశక్యంగా అనిపించలేదు.

ఈ వసంతంలో కౌంటీ జరిపిన ఒక ప్రజాభిప్రాయ సభకి వచ్చి, మామూలు జనంతో పాటు వరుసలో నిలబడి తన మూడు నిమిషాలు మాట్లాడింది. హాస్పిటల్ ముందున్న బస్టాపులో రాత్రి షిఫ్టు దిగే ఆయాలు, వంటవాళ్ళు రోడ్డుకి అవతలివైపు వెళ్ళాలంటే చీకట్లో దాటాలి, దగ్గర్లో క్రాసింగ్ లేదు. “రాత్రి పదకొండు తర్వాత కూడా లెక్కపెట్టండి” అంది నా వైపు చూసి. మేము మామూలుగా ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లోనే లెక్కిస్తాం. కౌంటీ ఒప్పుకుంది. సెలవులైపోయి షిఫ్టులన్నీ మామూలుగా నడిచే సెప్టెంబరులో రెండు రాత్రులు కెమెరాలు పెడుతున్నాం. ఆ పని నాకే అప్పగించారు.