చొక్కా విప్పి చూశాకే తెలిసింది

డిసెంబరులో మా బాబుకి పదో నెల. మొదట జలుబు, తర్వాత దగ్గు, మూడో రోజు జ్వరం. నా కళ్లన్నీ థర్మామీటరు మీదే. 101 నుంచి 99కి దిగగానే గండం గడిచిందనుకున్నాను. పాలు సగంలో వదిలేస్తుంటే ముక్కుదిబ్బడ వల్లేమో అనుకుని, మెడికల్ షాపులో దగ్గు సిరప్ కూడా తెచ్చి పట్టాను.

నాలుగో రోజు పొద్దున మా అమ్మమ్మ వచ్చింది. వాణ్ణి ఒళ్లో వేసుకుని ముందు స్వెట్టర్, తర్వాత చొక్కా విప్పింది. "డొక్కలెగరేస్తున్నాడే! ఇది జలుబు కాదు, ఆస్పత్రికి పదండి" అంది. ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద గుంట పడుతోంది. చలని మూడు రోజులుగా నేను కప్పి ఉంచింది దాన్నే.

ఆయన ఆటో కోసం వెళ్లారు. ఈలోగా పక్కింట్లో ఉండే ఆశా కార్యకర్త అక్క వచ్చింది. వాడు ఏడుపు ఆపేదాకా ఆగి, ఫోన్‌లో నిమిషం పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టింది. 64. "ఏడుస్తున్నప్పుడు లెక్క సరిగ్గా రాదమ్మా. రెండు నెలలు నిండని పసికందుకి 60, ఏడాది లోపు 50, ఆపైన అయిదేళ్ల దాకా 40. అంతకొచ్చిందంటే ఊపిరి వేగం ఎక్కువైనట్టే. జ్వరం తగ్గిందని ఊరుకోకూడదు. ఇలా డొక్కలు లోపలికి పోతుంటే అసలు లెక్క కోసం కూడా ఆగక్కర్లేదు" అంది.

ఆస్పత్రిలో వేలికి క్లిప్ పెడితే రక్తంలో ఆక్సిజన్ 88 శాతమే. న్యుమోనియా, అంటే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ అన్నారు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, ఆంపిసిలిన్, జెంటామైసిన్ యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు. సిరప్ ఆపేయమన్నారు. ఆ రాత్రి వాడి ముక్కుపుటాలు ఎగసిపడుతుంటే చూస్తూ కూర్చున్నాను, ఒక్క నిమిషం కూడా కన్ను మూయలేదు. మూడో రోజు సాయంత్రం నా కొంగు పట్టుకుని లాగి పాలు తాగాడు. ఈసారి మధ్యలో వదల్లేదు. అయిదు రోజులకి ఇంటికి పంపారు.

తొమ్మిది నెలలు నిండాక వేయాల్సిన న్యుమోనియా టీకా, పీసీవీ బూస్టర్, జలుబుగా ఉందని నేనే వాయిదా వేశాను. మామూలు జలుబుకి టీకా ఆపక్కర్లేదని డాక్టరుగారు చెప్తే చాలా బాధేసింది. కోలుకున్నాక వేయించాం.

ఇప్పుడు రోజూ వాడు నిద్రపోయాక చొక్కా పైకి జరిపి, గడియారం చూస్తూ లెక్కపెడతాను. నిన్న రాత్రి 34.