ట్యాబ్ అంటే ఎనిమిది ఖాళీలు కాదు

మా చిన్నాయన వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర అడ్తి దుకాణం నడుపుతారు. రోజువారీ మిర్చి బస్తాల లెక్క చూపించడానికి ఆయనకు ఒక చిన్న స్క్రిప్టు రాసి ఇచ్చాను. ఒక్కో వరుసలో ఇంగ్లీషు అక్షరాల్లో రకం పేరు, ఒక ట్యాబ్ (కీబోర్డు మీద ట్యాబ్ మీట నొక్కితే పడే గుర్తు), ఆ తర్వాత బస్తాల సంఖ్య వస్తాయి. తెర చూడగానే ఆయన, "ఇదేందిరా, లెక్కలు మెట్లెక్కినట్టున్నయ్?" అన్నారు.

ట్యాబ్‌కు సొంత వెడల్పంటూ లేదు. టైపు మిషన్ మీద ముందే పెట్టుకున్న ఆగుడు చోటికి బండి జరిగినట్టే, టెర్మినల్‌లోనూ (ఆదేశాలు టైపు చేసే అక్షరాల తెరలోనూ) కర్సర్ తర్వాతి ఆగుడు చోటికి దూకుతుంది. ఆ చోట్లు మామూలుగా ఎనిమిది గడులకొకటి ఉంటాయి; ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక గడి. 1978 నాటి వీటీ100 టెర్మినల్‌లోనూ అంతే. 'తేజ'కు ఇంగ్లీషులో నాలుగక్షరాలు కాబట్టి దాని సంఖ్య ఎనిమిది గడుల తర్వాత మొదలైంది. 'వండర్ హాట్' ఖాళీతో కలిపి పది గడులు తీసుకోవడంతో దాని సంఖ్య పదహారు దాటాక పడింది.

ఆగుడు చోట్లను పన్నెండు గడులకొకటిగా మార్చే 'ట్యాబ్స్ -12' ఆదేశం కొట్టగానే రెండూ ఒక వరుసలోకి వచ్చాయి. అయితే మరునాడు 'సింగిల్ పట్టి' వచ్చింది. దానికి సరిగ్గా పన్నెండు గడులు. పేరు ముగిసే సరికే కర్సర్ ఆగుడు చోటు మీద ఉంటుంది కనుక, ట్యాబ్ దాన్ని ఏకంగా ఇరవై నాలుగుకు తీసుకెళ్లింది. పైగా ఈ మార్పు ఆ ఒక్క టెర్మినల్‌కే పరిమితం, ఫైల్‌లో ఏమీ మారదు.

అందుకని వెడల్పు నేను ఊహించడం మానేసి, ఆ పని 'కాలమ్ -టి' అనే ఆదేశానికి అప్పగించాను. అది మొత్తం చదివి, అన్నిటికన్నా పొడవైన పేరును బట్టి ఖాళీలు నింపుతుంది. ట్యాబ్ ఒక్కటే విభజన గుర్తు అని '-ఎస్'తో చెప్పకపోతే మాత్రం 'వండర్' ఒక నిలువు వరుసలో, 'హాట్' మరొక దానిలో పడతాయి. నాకు మొదటిసారి అదే జరిగింది.

అసలు చిక్కు పేర్లు తెలుగులో కావాలన్నప్పుడు మొదలైంది. అచ్చు వేసే ఆదేశం ప్రింట్‌ఎఫ్‌లో పద్నాలుగు గడుల వెడల్పు ఇచ్చి చూశాను. నా దగ్గరున్న బాష్ (టెర్మినల్‌లో ఆదేశాలను నడిపే ప్రోగ్రాం) ఆ వెడల్పును బైట్లలో లెక్కించింది. అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. 'తేజ'లో త, ఏత్వం, జ కలిసి తొమ్మిది బైట్లయినా తెర మీద పట్టేది రెండు గడులే, కాబట్టి పన్నెండు ఖాళీలు రావలసిన చోట ఐదే వచ్చాయి. 'కాలమ్' గడులనే లెక్కిస్తుంది గానీ, టెర్మినల్ ఫాంటు అక్షరాన్ని దాని గడిలోనే గీస్తుందన్న భరోసా లేదు.

చివరికి వరుసనే తిప్పేశాను: బస్తాల సంఖ్య ముందు, కుడివైపుకు సర్ది, తెలుగు పేరు ఆఖరున. ఆఖరి నిలువు వరుస తర్వాత సర్దడానికి ఏమీ ఉండదు కాబట్టి పేరు ఎంత పొడవున్నా లెక్క చెదరదు.