ప్రొటీన్ పెంచాక తేలిన లెక్క

షుగర్ బోర్డర్‌లో ఉందని తెలిశాక బరువు తగ్గమన్నారు. అన్నం సగానికి సగం కోసేద్దామని సిద్ధపడి వెళ్తే, డైటీషియన్ గారు ముందు ప్రొటీన్ ఎంత తింటున్నారని అడిగారు. "రోజూ పప్పు ఉంటుందండీ" అన్నాను. రాసుకు రమ్మన్నారు.

రాస్తే తేలింది ఏమిటంటే, మా ఇంట్లో ప్రొటీన్‌లో పెద్ద వాటా అన్నం నుంచే వస్తోంది! వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల ప్రొటీన్ ఉన్న మాట నిజమే. కానీ మనం వండే పప్పులో మనిషి వంతుకు వచ్చే కందిపప్పు పాతిక గ్రాములు దాటదు. అంటే ఐదారు గ్రాములు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్కన ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. నా 70 కిలోలకు 58 గ్రాములు. ఆ దరిదాపుల్లో కూడా లేను.

పెంచే ముందు క్రియాటినిన్ టెస్ట్ చేయించారు. కిడ్నీ సమస్య ఉంటే ఈ లెక్కలేవీ పనికిరావట.

ఆర్‌కే బీచ్‌లో నాతో నడిచే ఒకాయన మాత్రం, ప్రొటీన్ పౌడర్ తాగితే మెటబాలిజం (ఒళ్లు శక్తిని ఖర్చు చేసే వేగం) రెట్టింపవుతుందని డబ్బా అంటగట్టబోయాడు. ప్రొటీన్ అరిగించుకోవడానికి, అందులోని శక్తిలో 20 నుంచి 30 శాతం ఒంటికి ఖర్చవుతుంది. పిండిపదార్థాలకు 5 నుంచి 10 శాతమే, కొవ్వుకు ఇంకా తక్కువ. వినడానికి బాగానే ఉంది. కానీ అన్నం కొంత తగ్గించి ఆ కేలరీలకు 30 గ్రాముల ప్రొటీన్ పెంచితే అదనంగా ఖర్చయ్యేది రోజుకు ఇరవై చిల్లర కేలరీలు. ఒక మారీ బిస్కెట్‌తో సరి! డబ్బా వద్దన్నాను.

నాకు అసలు తేడా తెలిసింది ఆకలి దగ్గర. పొద్దున ఉప్మా మానేసి పెసరట్టు, గుడ్లు తిన్న రోజు పదకొండింటికి ఆఫీస్ క్యాంటీన్ వైపు మనసు పోవడం లేదు. ఆదివారం ఫిషింగ్ హార్బర్ నుంచి నెత్తళ్లు తెస్తున్నాం. వంజరం కంటే బాగా చవక, ప్రొటీన్‌కి లోటేమీ లేదు. మొదట్లో మలబద్ధకం ఇబ్బంది పెట్టింది. ఆకుకూర, నీళ్లు పెంచితే సర్దుకుంది.

ఇంకో సంగతి. తిండి తగ్గించి బరువు దిగితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. కండ తగ్గితే ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి కావలసిన శక్తీ తగ్గుతుంది. అందుకే చాలామందికి కొన్నాళ్లకు బరువు దిగడం ఆగిపోతుందని డైటీషియన్ గారు చెప్పారు. ప్రొటీన్ పెంచినంత మాత్రానే కండ నిలవదు కాబట్టి నడకతో పాటు డంబెల్స్ కూడా పట్టించారు. బరువు నెమ్మదిగానే దిగుతోంది, ప్యాంట్లు మాత్రం వదులయ్యాయి.

ఇప్పుడు అమ్మ లెక్క మొదలుపెట్టాం. పెద్దవయసులో కండ త్వరగా కరుగుతుంది, ఆవిడేమో గుడ్డు ముట్టదు. పెరుగు, ఉడికించిన సెనగలు తింటోంది. మీల్ మేకర్ కూర చేస్తే మాత్రం పక్కకు తోసేస్తోంది.