ఫలోది చూసొచ్చాం

ఒక ఊళ్లో కాపురం పెట్టొచ్చో లేదో తేల్చుకోవాలంటే, ఆ ఊరు మనిషిని బాగా సతాయించే నెలలోనే దాన్ని చూడాలని నేనూ నా భార్యా ముందే అనుకున్నాం. అందుకే పాపకు సెలవులుండగానే మే నెలలో ఫలోది బయల్దేరాం. 2016 మే 19న 51 డిగ్రీలు నమోదై దేశమంతా మారుమోగిన ఊరు ఇదే. 2024 మేలో కూడా 50 దాకా వెళ్లింది. రాజస్థాన్‌లో జోధ్‌పూర్ నుంచి సుమారు నూట నలభై కిలోమీటర్లు, థార్ ఎడారి లోపలికి.

నాకు అక్కడ ఉద్యోగం వచ్చింది. ప్రస్తుతం కర్నూలు దగ్గర ఓర్వకల్లు, గని, శకునాల ప్రాంతంలో ఉన్న 1,000 మెగావాట్ల సోలార్ పార్కులో ఒక ప్లాంటు నిర్వహణ చూస్తున్నాను. పిలుపు వచ్చింది భడ్లా సోలార్ పార్కు నుంచి. అది 2,245 మెగావాట్లు, విస్తీర్ణం దాదాపు 14,000 ఎకరాలు. సోలార్‌లో పనిచేసేవాళ్లకు భడ్లా గురించి వేరే చెప్పక్కర్లేదు. 2017 మేలో అక్కడి వేలంలో యూనిట్ ధర 2.44 రూపాయలకు దిగిందని తెలిసిన రోజు మా కంట్రోల్ రూములో ఇంకో మాట లేదు. ఇప్పుడు అక్కడే ఒక ప్లాంటుకు సైట్ ఇన్‌చార్జిగా రమ్మంటున్నారు. జీతం ఇప్పటిదానికి ఒకటిన్నర రెట్లు.

"ఫ్యామిలీని ఊళ్లోనే ఉంచి రండి, క్యాంపులో గది ఇస్తాం, రెండు నెలలకోసారి సెలవు" అన్నారు ఫోన్లో. ఈ రంగంలో అది మామూలే. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. మాది రాజంపేట. మా వైపు కువైట్ వెళ్లినవాళ్లు లేని వీధి ఉండదు. మా నాన్న అక్కడ డ్రైవరుగా చేశారు. ఇల్లు కట్టారు, అక్క పెళ్లి చేశారు, నన్ను ఇంజినీరింగ్ చదివించారు. ఆయన పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకున్న రోజు మాత్రం నాకు ఒక్కటీ గుర్తులేదు. ఆయన్ని తప్పుపట్టడం లేదు, ఆ రోజుల్లో ఆయనకు వేరే దారి లేదు. నాకు ఉంది.

"వెళ్తే ముగ్గురం వెళ్దాం, లేకపోతే వద్దు" అని నా భార్య తేల్చి చెప్పింది. నా మనసులోనూ అదే ఉంది. ఇక చూడాల్సింది ఒక్కటే, ముగ్గురం అక్కడ బతకగలమా? మా నాలుగో తరగతి పాపకు దుమ్ము పడదు. చలికాలం వస్తే పిల్లికూతలు, ఇన్‌హేలరు. అలాంటి పిల్లను ఎడారికి తీసుకెళ్లడం ఏమిటని మా అత్తగారు రైలెక్కేదాకా అడుగుతూనే ఉన్నారు.

కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనే ఉన్న భగత్ కీ కోఠి దాకా ఇప్పుడు నేరుగా రైలు ఉంది. నిజామాబాద్, నాందేడ్, అకోలా మీదుగా వెళ్తుంది. చాలా దూరం. రేపు ఇంట్లో ఎవరికైనా బాగోలేదని ఫోనొస్తే రెండు రోజులు రైల్లోనే గడిచిపోతాయన్నది ఆ ప్రయాణంలోనే బాగా తెలిసొచ్చింది. జోధ్‌పూర్‌లో రాత్రి ఉండి, పొద్దున్నే జైసల్మేర్ వైపు వెళ్లే రైలెక్కాం. ఒసియాన్ దాటినప్పటి నుంచి కిటికీలోంచి ఇసుక తప్ప ఏమీ కనపడదనుకున్నాం. చెట్లు కనపడుతూనే ఉన్నాయి, పొలాల మధ్య విడివిడిగా, కొమ్మలు నరికేసిన జమ్మి చెట్లు. దసరాకు మనం పూజ చేసే చెట్టే అక్కడ పొలానికి కాపలా. ఎరువూ నీడా ఆకూ అన్నీ దాన్నుంచే. దాని కాయల్ని ఎండబెట్టి, కేర్ అనే చిన్న కాయలతో కలిపి కూర వండుతారు. ఫలోదిలో మొదటి పూట భోజనంలో అదే పెట్టారు, సజ్జరొట్టెతో. సజ్జరొట్టె చూడగానే నా భార్య ముఖంలో టెన్షన్ సగం తగ్గింది. రాయలసీమ ఇంట్లో పుట్టిన మనిషికి అది కొత్త తిండి కాదు కదా.

ఫలోది చిన్న ఊరే గానీ పాత ఊరు. వ్యాపారుల హవేలీలు, ఎర్రరాతి గోడలు, చెక్కిన కిటికీలు. 2023లో జిల్లా కేంద్రం అయ్యాక కొత్త ఆఫీసులు వచ్చాయి, ఇళ్లకు గిరాకీ కూడా పెరిగిందన్నారు. మధ్యాహ్నం పన్నెండు దాటితే బజారంతా షట్టర్లు దించేసి ఉంటుంది. ఎండ మన విజయవాడ ఎండలాంటిది కాదు. చెమట పట్టినట్టే ఉండదు, గొంతు మాత్రం క్షణాల్లో ఎండిపోతుంది. గాలిలో తేమ లేదు కాబట్టి కూలరు అద్భుతంగా పనిచేస్తుంది. కానీ కూలరుకు నీళ్లు కావాలి, అక్కడే అసలు సంగతి ఉంది.

మేం అద్దెకు చూసిన ఇల్లు ఒక రిటైరైన మాస్టారిది. మేడ మీద రెండు గదులు, రాతి పలకల కప్పు. ఆ ఇంటావిడ గదులకంటే ముందు వాకిట్లోకి తీసుకెళ్లి నేలలో బిగించిన ఒక ఇనప మూత చూపించారు. దానికి తాళం వేసి ఉంది. తాళం తీసి మూత ఎత్తితే లోపల చీకట్లో నీళ్లు. దాన్ని టాంకా అంటారు. వానాకాలానికి ముందు డాబా, వాకిలి శుభ్రంగా కడుగుతారట. మొదటి వాన నీళ్లను బయటికి వదిలేసి, తర్వాతి వాన నుంచే లోపలికి మళ్లిస్తారు. ఆవిడ తాడుతో చిన్న బకెట్ దించి నీళ్లు తోడి, బిందె మూతికి మడత పెట్టిన తెల్లటి గుడ్డ కట్టి వడగట్టి, మా పాపకు గ్లాసులో పోసిచ్చారు. చల్లగా, తియ్యగా ఉన్నాయి. తాగడానికీ వంటకూ ఆ నీళ్లే. మిగతా అవసరాలకు కుళాయి నీళ్లు, అవి ఇందిరా గాంధీ కాలువ నుంచి వస్తాయి. ఎక్కడో పంజాబ్‌లోని హరికె బ్యారేజి దగ్గర బయల్దేరిన నీళ్లు ఈ ఎడారి దాకా వస్తున్నాయంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. అయితే మరమ్మతుల కోసం ఎండాకాలంలో కాలువ కట్టేస్తారు. నహర్‌బందీ అంటారు. ఆ రోజుల్లో కుళాయి ఎప్పుడొస్తుందో చెప్పలేం, ట్యాంకర్ కొనుక్కోవాలి. మేం వెళ్లేసరికి ఆ ప్రభావం ఇంకా పూర్తిగా పోలేదు.

"బేటా, ఇక్కడ నీళ్లకు లెక్క ఉంటుంది, మనుషులకు ఉండదు" అన్నారావిడ. నా భార్యది కర్నూలు ఉర్దూ కలిసిన హిందీ, ఆవిడది మార్వాడీ కలిసిన హిందీ. అయినా గంటసేపు మాట్లాడుకున్నారు. తల మీద ముసుగు సంగతి కూడా నా భార్య మొహమాటం లేకుండా అడిగేసింది. బయటి నుంచి వచ్చినవాళ్ల దగ్గర ఆ పట్టింపు లేదనీ, తన కోడలు జోధ్‌పూర్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తోందనీ చెప్పారు.

భడ్లా అక్కడికి గంటన్నర ప్రయాణం. బాప్ అనే ఊరు దాటాక రోడ్డుకు అటూ ఇటూ మైళ్ల తరబడి ప్యానెళ్లే. నా వృత్తి ఇదే అయినా ఆ దృశ్యానికి మాట రాలేదు. మధ్యాహ్నం ఒక ప్యానెల్ వెనక థర్మల్ గన్ పెట్టి చూస్తే 68 డిగ్రీలు. ప్యానెల్ రేటింగు లెక్కకట్టేది 25 డిగ్రీల దగ్గర. ఆ పైన ఒక్కో డిగ్రీకీ కొంత కొంత తగ్గుతూ, 68 దగ్గర ఉత్పత్తిలో ఆరో వంతు దాకా తగ్గిపోతుంది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందనుకునే మా బంధువులకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు. అంతకంటే పెద్ద శత్రువు దుమ్ము. ఓర్వకల్లులో మేం నీళ్లతో కడుగుతాం. ఇక్కడ ఆ నీళ్లెక్కడివి? పొద్దుగూకాక ఒక్కో వరుస మీదికీ రోబో బయల్దేరుతుంది. మెత్తటి బ్రష్ తిప్పుకుంటూ, చుక్క నీరు లేకుండా దుమ్ము తోసుకుంటూ ఆ చివరికి వెళ్లి, తిరిగి తన స్థానానికి వచ్చి నిలబడుతుంది. అలా వందల వరుసల మీద ఒకేసారి కదులుతుంటే చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఈ పని చేయాలని ఉంది నాకు. దాచుకోవడమెందుకు?

అనుమానాలూ ఉన్నాయి. ప్యానెళ్లు పెరిగినంత వేగంగా ఆ కరెంటు మోసుకెళ్లే లైన్లు పెరగలేదు. మంచి ఎండ వేళ ఉత్పత్తి తగ్గించుకోమని గ్రిడ్ నుంచి ఆదేశాలు వస్తున్నాయి. రాజస్థాన్‌లో కొత్త ప్లాంట్లకు ఇది పెద్ద దెబ్బ. ఇంకొకటి, హైటెన్షన్ తీగలకు అక్కడక్కడా బిళ్లలు వేలాడుతున్నాయి, బట్టమేక పిట్టలు తీగలకు గుద్దుకోకుండా. ఆ పిట్ట రాజస్థాన్ రాష్ట్ర పక్షి. 2021లో సుప్రీంకోర్టు దాని కోసం తీగల్ని భూమిలోంచి వేయమంది, 2024లో ఆ తీర్పును సడలించి నిపుణుల కమిటీ వేసింది. మా కర్నూలు వైపు రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టింది కూడా ఈ పిట్ట కోసమే. ఇప్పుడు అక్కడ అది కనపడటమే గగనం. జమ్మి చెట్ల గొడవా అలాంటిదే. 1730లో ఖేజడ్లీ ఊళ్లో ఈ చెట్లను నరకనివ్వకుండా అడ్డుపడి 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. వాళ్ల వారసులే ఇప్పుడు సోలార్ ప్లాంట్ల కోసం చెట్లు కొట్టొద్దని ధర్నాలు చేస్తున్నారు. వాళ్ల కోపం న్యాయమైనదే. అక్కడికి వెళ్తే నా ప్లాంటు ఆవరణలో ఉన్న చెట్టుకు నేను జవాబుదారీ అవుతాను. ఇంటర్వ్యూలో ఈ మాట ఎవరూ అడగలేదు, నేనే అడిగి రాసుకొచ్చాను.

క్యాంపులో ఒక తెలుగు కుర్రాడు కనపడ్డాడు. కదిరి దగ్గర ఎన్‌పీ కుంట సోలార్ పార్కులో పనిచేసి వచ్చాడు. గదిలో మంచం, కూలరు, గోడకు కొడుకు ఫొటో. "అన్నా, పనికి భయపడేదేం లేదు. సాయంత్రం ఆరు దాటినాకనే కష్టం" అన్నాడు. ఆ పైన ఏమీ అనలేదు. నాన్న రాసిన ఉత్తరాల్లో కూడా ఈ మాటే ఉండేది, కొంచెం అటూ ఇటూగా.

మేం భయపడిందీ జరిగింది. ఒక సాయంత్రం పడమటి ఆకాశం ఇటుక రంగుకు తిరిగి, పావుగంటలో వీధి చివర కనపడకుండా పోయింది. ఆంధీ, అంటే దుమ్ము తుపాను. లాడ్జి వాళ్లు తలుపుల సందుల్లో తడిగుడ్డలు కుక్కారు. అయినా పళ్ల మధ్య ఇసుక కరకరలాడింది. రాత్రి పాపకు దగ్గు మొదలై పిల్లికూతల దాకా వెళ్లింది. ఇన్‌హేలరు ఇచ్చి, కూర్చోబెట్టి వీపు నిమురుతూ తెల్లవార్లూ మేలుకునే ఉన్నాం. వెనక్కి వెళ్లిపోదామనే మాట ఇద్దరి నోటిదాకా వచ్చింది.

పొద్దున్నే ఊళ్లోని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన తొందరపడకుండా ఛాతీ విని, కర్నూలు కాగితాలన్నీ చదివారు. ఇంటి పరుపుల్లో, గోడల చెమ్మలో పెరిగే వాటివల్ల వచ్చే ఇబ్బంది ఈ పొడిగాలిలో తగ్గొచ్చని, ఆంధీ రోజుల్లో మాత్రం బయటికి పంపకూడదని, రోజువారీ ఇన్‌హేలరు మానకూడదని చెప్పారు. "పెద్ద ఇబ్బంది వస్తే జోధ్‌పూర్ ఎయిమ్స్‌కు వెళ్లాలి. రాత్రిపూట వెళ్లడానికి మీకు బండి ఉందా?" అని అడిగారు. భరోసా ఇస్తూనే అసలు ప్రశ్న వేసిన మనిషి ఆయన.

ఖీచన్ కూడా చూశాం, ఫలోది పక్కనే. చలికాలంలో వేల కొద్దీ కుర్జా కొంగలు మధ్య ఆసియా నుంచి వచ్చి దిగే ఊరు. 2025లో, చిత్తడి నేలలకు ఇచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. మే నెల కాబట్టి గింజలు చల్లే ఆవరణ ఖాళీ. తరాలుగా జైన వ్యాపారులు పిట్టలకు గింజలు పోస్తున్నారని మాస్టారు చెబితే, పాప అవి ఎప్పుడొస్తాయో అడిగి రాసుకుంది. సెప్టెంబరు.

ఇంటికొచ్చాక చాలా రాత్రులు ఇదే చర్చ. నా భార్య కర్నూలులో లెక్కల టీచరు. ఫలోదిలో ఒక ఇంగ్లిష్ మీడియం బడి వాళ్లు డెమో క్లాసుకు రమ్మన్నారు గానీ జీతం ఇక్కడికంటే తక్కువ. నాకు పెరిగేదాంట్లో ఆమెకు తగ్గేది తీసేసి చూడాలి. ఇలాంటి లెక్క వేసేటప్పుడు చాలా ఇళ్లలో ఆడవాళ్ల ఉద్యోగాన్ని లెక్కలోకే తీసుకోరు. నాన్నకు ఫోన్లో అంతా చెబితే, ఎండ గురించి ఒక్క ముక్క అడగలేదు. "పాపను బడికి నువ్వే దింపగలవా?" అన్నారు.

వెళ్లాలనే నిర్ణయించుకున్నాం. క్యాంపులో గది వద్దు, ఫలోదిలో ఇంటి అద్దె ఇవ్వండి, వారానికో సెలవు కచ్చితంగా ఉండాలి, రాత్రయినా పగలయినా జోధ్‌పూర్ వెళ్లడానికి వాహనం ఏర్పాటు ఉండాలి అని కంపెనీకి రాశాను. అద్దెకూ సెలవుకూ ఒప్పుకున్నారు. వాహనం సంగతి నోటిమాటగా సరేనన్నారు, అది ఆఫర్ లెటర్లో రాసిచ్చాకే ఇక్కడ రాజీనామా ఇస్తాను. ఆంధీలకు పాప తట్టుకోలేకపోతే ఏడాది కూడా ఆగకుండా వెనక్కి వచ్చేయాలని ఇద్దరం అనుకున్నాం. అందుకే కర్నూలు ఇల్లు ఖాళీ చేయడం లేదు, నా భార్య తమ్ముడు వచ్చి ఉంటానన్నాడు.